కాలువగట్టున కరవు: ‘అంటరాని వసంతం’ నవలలో పరదేశి సహాయము

ఆపదలో నున్న పరదేశమునకు సహాయార్థము పోయిన వ్యక్తిని గూర్చిన నవల ఆధునిక వాఙ్మయమున నొక శాఖగా పెరిగినది. కరవు గానిండు, వరద గానిండు, మహమ్మారి గానిండు, అట్టి నవలలకు సాధారణముగా నొకే కథాసూత్రము కానవచ్చును. దూరదేశమునుండి యొకడు వచ్చును, తాను చూచిన దుఃఖముచేత మారును, మారినవాడై తిరిగిపోవును. ఆపదకు గురియైన జనులు అతని మార్పునకు నేపథ్యముగా నిలుతురు. పుస్తకము మూసినపిదప పరదేశి పేరు మనకు జ్ఞాపకముండును. అన్నమునకై బారులు తీరినవారి పేళ్లు జ్ఞాపకముండవు.

ఈ సూత్రమును తలక్రిందులు చేసిన నవల యొకటి తెలుగున కలదు. అది జి. కళ్యాణరావు రచించిన ‘అంటరాని వసంతం’. 2000లో విప్లవ రచయితల సంఘము ప్రచురించిన ఈ నవల 2010లో ఆంగ్లానువాదముగ కూడ వెలువడినది. దీనిని దళితకుటుంబ చరిత్రగా, కళాకారుల చరిత్రగా, విప్లవనవలగా విమర్శకులు పలువిధముల పరిశీలించియున్నారు. అందలి కరవు ఘట్టమును సహాయకథగా పరిశీలించుట మా యుద్దేశము. ఆ ఘట్టము నవలలో కొలది భాగమే యైనను, తరువాతి తరముల కథ యంతయు దానినుండియే మలుపు తిరిగినది. ‘సహాయమెవరు చేసిరి?’ యను ప్రశ్నకంటె ‘సహాయము జరుగుచోటికి పోవు హక్కు ఎవరికి గలదు?’ యను ప్రశ్నను ఈ నవల ముందుంచినదని నిరూపించుటకు యత్నింతుము.

ముందుగా రంగస్థలమును గూర్చి కొంత చెప్పవలెను. ఈనాటి జిల్లాల హద్దులనుబట్టి చూచినచో పాఠకుడు పొరబడవచ్చును. కథాకాలమున ఒంగోలు, కందుకూరు ప్రాంతములు నెల్లూరు జిల్లాలోనివే. 1904లో గుంటూరు జిల్లా యేర్పడినప్పుడు ఒంగోలు దానిలో చేరినది. 1970లో ఒంగోలు కేంద్రముగా నేర్పడిన క్రొత్త జిల్లాకు కందుకూరును చేర్చిరి. 2022లో కందుకూరు మరల నెల్లూరు జిల్లాకు వచ్చినది. కావున పందొమ్మిదవ శతాబ్దమునందలి నెల్లూరు తీరమనగా ఉత్తరమున ఒంగోలు మొదలు దక్షిణమున పులికాటువరకు గల ఇసుకనేల. ఆ నేలకు రెండు నీటి గీతలు కలవు: ఒకటి సముద్రము, రెండవది దానికి చేరువగ సాగు బకింగుహాము కాలువ. మొదటిది దైవదత్తము. రెండవది మనుష్యుల చేతిపని. అందులో నొక భాగము ఆకలిగొన్న మనుష్యుల చేతిపని.

ఈ కాలువ యొక్కసారి పుట్టినది కాదు. 1806లో మద్రాసునుండి ఎన్నూరువరకు త్రవ్విన చిన్న కాలువ క్రమముగ ఉత్తరమునకు సాగినది. 1876లో వానలు తప్పి మద్రాసు రాజధానియం దంతట మహాక్షామము వ్యాపించినప్పుడు దీని త్రవ్వకము కరవుపనులలో నొకటి యైనది. ఆనాటి గవర్నరు బకింగుహాము డ్యూకు పేరు దీనికి వచ్చినది. పెదగంజామునుండి మరక్కాణమువరకు సుమారు 420 కిలోమీటర్లు గల ఈ జలమార్గములో 257 కిలోమీటర్లు ఆంధ్రదేశమున నున్నవి. కాలువకు గవర్నరు పేరు నిలిచినది. త్రవ్వినవారి పేరు నిలువలేదు. ఈ చిన్న విషయమునందే మన నవలకు బీజము కలదు.

ధాత నామ సంవత్సరమున ప్రారంభమగుటచే మన పెద్దలు ఆ క్షామమును ధాతకరవనిరి. 1876 మొదలు 1878 వరకు సాగిన ఆ కరవులో బ్రిటిషు ఏలుబడి ప్రాంతములందు మరణించినవారు ఏబది లక్షలకు మించిరని అంచనాలు చెప్పుచున్నవి. 1877లో కేంద్రప్రభుత్వ ప్రతినిధిగ వచ్చిన సర్ రిచర్డు టెంపుల్ కరవుపనులలో పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయు కూలిగ నిర్ణయించెను. ఈ కూలితో కష్టించి పనిచేయువాడు బ్రదుకజాలడని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు వాదించెను. ఆ సంవత్సరమే లండను నగరమున మద్రాసు క్షామబాధితులకై చందాలు వసూలైనవి. సర్కారు లెక్క యొక వైపు, పరదేశి దయ వేరొక వైపు. ఈ రెంటికి నడుమ మనిషి నిలిచినాడు.

నెల్లూరు తీరమునకు పరదేశీయులు కరవుతో క్రొత్తగ వచ్చినవారు కారు. అమెరికా బాప్తిస్టు మిషనరీలు 1840లోనే నెల్లూరు చేరిరి. వారిలో జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలున స్థిరపడెను. ఎర్రగుంట్ల పేరయ్య యను మాదిగ పెద్ద మూలముగ ఆయన బోధ మాదిగపల్లెలలో వ్యాపించినది. క్లౌ యౌవనమున అమెరికాలో భూమి కొలుచు సర్వే ఉద్యోగము చేసినవాడు. ఆ విద్య కరవునాట అక్కరకు వచ్చినది. ఆయన బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొనెను. తన బోధకులనే పనిపై మేస్త్రీలుగ నిలిపెను. పురుషులు పారలు పట్టిరి, స్త్రీలు మట్టి తట్టలు మోసిరి. దీనిని గూర్చిన ఆయన కథనము ఆయన మరణానంతరము 1914లో భార్య పూనికతో గ్రంథరూపమున వెలువడినది.

గుత్త యనునది చూచుటకు వ్యాపారపు మాటయే. కాని ఈ సందర్భమున దాని యర్థము వేరు. గంజికేంద్రమున సహాయము పొందువాడు చేయి చాచును. గుత్తపనిలో కూలి పొందువాడు పార పట్టును. గంజి పోయువాడు తనకు తోచినంత పోయును. త్రవ్విన గోతిని కొలువవచ్చును, కొలిచినదానికి కూలి యడుగవచ్చును. అంతకంటె ముఖ్యమైనది: మట్టి కొలుచువాడు తన కులమువాడే యైనప్పుడు, కొలతలో మోసము జరుగునను భయము తగ్గును, దూరముగ నిలువుమను కేక వినబడదు. క్లౌ చేసిన సహాయములో మిక్కిలి విలువగలది అన్నము కాదు, ఈ యేర్పాటని మా యభిప్రాయము. ఈ విషయమును క్లౌ గ్రంథముకంటె కళ్యాణరావు నవలయే మనకు బాగుగ బోధించుచున్నది. ఎట్లో చూతము.

నవలలో కథ చెప్పుచున్నది రూతు అను వృద్ధురాలు. భర్త రూబేను తనకు చెప్పిన పూర్వుల కథలను ఆమె తలచుకొనును. ఎన్నెలదిన్నిలో పుట్టిన ఎల్లన్న పాట కట్టి యాడు కళాకారుడు. అతని భార్య సుభద్ర. వారి కొడుకు శివయ్య. కరవు వచ్చినప్పుడు శివయ్య, భార్య శశిరేఖ ఊరు విడిచి బయలుదేరుదురు. కాలువపనులు జరుగుచున్నవను వార్త వారికి ఆశ కల్పించును. ఆకలితో నడచి గట్టు చేరుదురు. అచట వారికెదురైనది ఆకలి కాదు, కులము. అంటరానివారు తమతో కలిసి పనిచేయుటకు వీలులేదని అచటి సవర్ణులైన కూలీలు వారిని తరుముదురు. తరుమువారును కరవుచేత ఊళ్లు విడిచి వచ్చినవారే యనునది మరువరాదు.

ఈ సన్నివేశము మన సాహిత్యమున అపూర్వమైనదని మేము తలంతుము. ఆపద మనుష్యులను సమానులను చేయునని కవులు చెప్పుట పరిపాటి. వరదలో పామును కప్పయు నొకే దుంగపై తేలునని లోకమందురు. ఇచట కాలువగట్టు ఆ దుంగవంటిది. కాని దానిపై చోటు అందరికి లేదు. ఇరుప్రక్కలవారి ప్రేగులు మాడుచున్నవి, ఇరుప్రక్కలవారును సర్కారు కూలికే వచ్చిరి. అయినను గీత చెరుగలేదు. సర్కారువారి లెక్కలో కరవుపని అందరిదే. పనిచోట మాత్రము ఊరు తన కట్టుబాటును తన వెంట తెచ్చుకొన్నది. సహాయమును గూర్చి వ్రాసిన రచయితలలో పలువురు కొరతను చూచిరి, లంచమును చూచిరి, నిర్లక్ష్యమును చూచిరి. సహాయము నందుకొనుటకు నిలిచిన వరుసలోనే అడ్డుగోడ లేచుటను ఇంత సూటిగ చూపినవారు అరుదు.

తరుమబడిన ఆ దంపతులకు దారి చూపినవాడెవరు? క్లౌ దొర కాదు, మార్టిను. అతడు వారివంటి పల్లెనుండియే వచ్చి క్రైస్తవుడైనవాడు. క్లౌ గుత్తకు తీసికొన్న భాగమున తమవారికి పని కలదని అతని మూలముననే వారికి తెలియును. ఆ పరిచయముతో శివయ్య జీవితము మారును, అతడు సీమోనగును. నవలాకారుడు క్లౌ చేసిన మేలును దాచలేదు; అట్లని కథానాయకత్వమును ఆయనకు అప్పగింపలేదు. చరిత్రలో పెద్దపేరుగల పరదేశిని వెనుకకు జరిపి, చరిత్ర పేరెరుగని స్థానిక సహాయకుని ముందునకు తెచ్చెను. ఇది కేవలము రచయిత పక్షపాతమని మేము తలంపము. క్లౌ కథనమునందును పనిని నడపినవారు ఆ బోధకులే. వారు లేనిచో మూడున్నర మైళ్ల గుత్త కాగితముపై నిలిచియుండెడిది. నవల వారిలో నొకనికి ముఖమును, మాటను ఇచ్చినది.

ఇట్టి యితర నవలలతో పోల్చినచో ఈ విశేషము స్పష్టమగును. 1947లో వెలువడిన ఆల్బెర్ కామూ నవల ‘ప్లేగు’ సేవాదళములను గూర్చిన కథలలో ప్రసిద్ధమైనది. ప్యారిసునుండి వచ్చిన రాంబేరను పత్రికారచయిత అల్జీరియాలోని ఒరాన్ నగరమున చిక్కుకొనును; తప్పించుకొనిపోవుటకు యత్నించి, తుదకు నిలిచి సేవాదళమున పనిచేయును. ఆ నిర్ణయము మహోదాత్తమైనది. కాని ఆ నగరమునందలి అరబ్బు జనులు కథలో దాదాపు కానరారని విమర్శకులు ఎత్తిచూపిరి. పరదేశి మనస్సు మారిన క్షణము మనకు తెలియును. ఆ నేలపై పుట్టినవారు ఆ మహమ్మారిని ఎట్లనుభవించిరో తెలియదు.

1954లో కమలా మార్కండేయ ఆంగ్లమున రచించిన ‘నెక్టార్ ఇన్ ఎ సీవ్’ మరియొక మెట్టు. అందు కథ చెప్పునది రుక్మణి యను రైతుస్త్రీ. అనగా సహాయము పొందువారి నోట కథ నడచును. కెన్నీ యను ఆంగ్ల వైద్యుడు చందాలు కూర్చి ఆసుపత్రి కట్ట బూనును. అతడు గ్రామస్థుల ఓర్పును చూచి కోపించును: బాధను నోరెత్తక భరించుట యేమి గొప్ప యని యతని ప్రశ్న. రుక్మణి ఆ ప్రశ్నకు తలయొగ్గును గాని, ఆమె ప్రపంచమున కెన్నీకి దీటైన స్థానిక సహాయకుడు చాలకాలమునకు గాని కానరాడు. కళ్యాణరావు నవలలో ఈ లోటు తీరినది. శివయ్య యోర్చుకొని కూర్చుండలేదు. తరుమబడినను మరియొక గట్టునకు నడచెను. మార్టిను అతనిని చూచి కోపింపలేదు, త్రోవ చూపెను. దాత గ్రహీతలకు నడుమ మూడవవాడొకడు గలడనియు, అతడు గ్రహీతల పల్లెలోనివాడే యనియు ఈ నవల చెప్పుచున్నది.

ఇచట నొక ఆక్షేపమును తప్పక పరిశీలింపవలెను. క్లౌ శిబిరమున కూలీలు విశ్రమించు వేళ బోధకులు క్రీస్తుకథలు చెప్పిరి. ఆకలిగొన్నవానికి అన్నముతోపాటు మతము నందించుట సహాయమగునా, బేరమగునా? ఈ శంక మనకు మాత్రమే కలిగినది కాదు, క్లౌకే కలిగినది. కరవుపనులు సాగినంతకాలము, 1877 వసంతకాలము మొదలు పదునైదు మాసములు, ఆయన బాప్తిస్మము లీయక ఆపెను. సహాయధనము ముగిసినదని తెలిసినపిదపను జనులు వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మిషను చరిత్రకారులు దీనిని దైవమహిమగ వ్రాసిరి. విరోధులు దీనిని కడుపుకూటి మార్పనిరి.

మా దృష్టిలో ఈ రెండు వాదములును గ్రహీత మనస్సును వదలివేసినవి. మొదటిది అతనిని పంటగ లెక్కించినది. రెండవది కొనబడిన సరకుగ లెక్కించినది. నవల మూడవ యర్థమును సూచించుచున్నది. ఒక గట్టున రాళ్లవంటి మాటలు పడినవాడు వేరొక గట్టున పేరుపెట్టి పిలువబడినచో, ఆ పిలుపును అతడు మరువడు. అన్నము అరిగిపోవును, పిలుపు నిలుచును. శివయ్య సీమోనగుట ఆకలివలననా, విశ్వాసమువలననా యని ప్రశ్నించుటకంటె, అతనిని మనిషిగ పిలిచినవారు అంతకుముందెందరు గలరని ప్రశ్నించుట న్యాయము. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది మిషనువారు కాదు. వారు వచ్చునంతవరకు ఆ పిలుపు పిలువని మన సమాజము.

అట్లని నవల మిషనునకు స్తోత్రపాఠము కాదు. మతము మారినను భూమి మారలేదు. పేరు మారినను ఊరి వెలుపలి చోటు మారలేదు. తరువాతి తరముల కథలో ఈ సత్యము క్రమముగ తేటపడును. సీమోను కొడుకు రూబేను. అతని భార్య రూతు. వారి సంతతి కాలము వచ్చునప్పటికి నవల విప్లవోద్యమము వైపు సాగును. సహాయము మనిషిని బ్రదికించును, కొంత నిలబెట్టును. అతనిని క్రిందికి త్రోసిన కారణమును మాత్రము తొలగింపదని రచయిత సిద్ధాంతము. ఈ సిద్ధాంతముతో పాఠకుడు పూర్తిగ నేకీభవింపవలసిన యవసరము లేదు. రచయిత చూపిన పరిష్కారము నంగీకరింపనివారును ఆయన చూపిన కొరతను కాదనలేరు.

గుణములు చెప్పితిమి గనుక దోషములును చెప్పవలెను. నవలలో పలుచోట్ల కథకుని వ్యాఖ్యానము పాత్రల మాటను మించును. సన్నివేశము చెప్పదగిన విషయమును చరిత్రోపన్యాసము చెప్పును. కాలువ ఘట్టమునందును ఈ లోపము కొంత గలదు. ఏ ప్రొద్దున పని మొదలిడిరి, దినమున కెంత లోతు త్రవ్విరి, కూలి చేతికెట్లు వచ్చెను, చంటిబిడ్డలను ఎచట పరుండబెట్టిరి అను వివరములు ఇంకను విస్తరించి యుండినచో ఆ ఘట్టము మరింత బలపడియుండెడిది. 1922లో ప్రకటితమైన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’లో ఇట్టి నిత్యజీవిత వివరము సమృద్ధిగ కలదు. కాని ‘మాలపల్లి’ సంస్కర్త దృష్టితో వెలుపలినుండి పల్లెలోనికి నడచిన నవల. ‘అంటరాని వసంతం’ పల్లెలోని జ్ఞాపకమునుండి వెలుపలికి నడచిన నవల. వివరము కొరవడినను చూపు మారినది. ఆ చూపే దీని యధికత.

ఈ చర్చ గతించిన కాలమునకు సంబంధించినదని భావింపరాదు. నవల వెలువడిన నాలుగేండ్లకు, 2004 డిసెంబరు 26న, సునామీ ఈ తీరమును తాకినది. అప్పుడు బకింగుహాము కాలువ ఉప్పెననీటిని చాలవరకు తనలోనికి తీసికొని, దానికి పడమటనున్న పల్లెలను కాపాడినదని శాస్త్రజ్ఞులు పరిశీలించి ప్రకటించిరి. కరవునాట కూలికై త్రవ్విన మట్టి నూటయిరువదియైదేండ్ల తరువాత వేరొక ఆపదను అడ్డుకొన్నది. ఆ సునామీ పిదపనే, పొరుగున తమిళనాట సహాయకేంద్రములలో దళితులను వేరుగ నిలిపిరనియు, సహాయము వారికి సరిగ నందలేదనియు మానవహక్కుల సంఘములు ప్రకటించినవి. దేశదేశములనుండి ధనము వచ్చినది, స్వచ్ఛందసేవకులు వచ్చిరి. వరుసలోని గీత మాత్రము 1877 నాటిదే. శివయ్యను తరిమిన గట్టును నవలాకారుడు కల్పించెనని యెవరైన శంకించినచో, ఈ వార్తలే సమాధానము.

కావున మా నిర్ణయమిది. ‘అంటరాని వసంతం’ పరదేశి సహాయమును నిందింపలేదు, పూజింపలేదు. దానిని పొందువాని పాదములవద్దనుండి కొలిచినది. సహాయమును ధాన్యపు పౌనులతో కొలుచుట టెంపుల్ పద్ధతి. బాప్తిస్మముల సంఖ్యతో కొలుచుట మిషను పద్ధతి. పొందువాడు ఏ గట్టున, ఎవరి సరసన, ఏ పేరుతో నిలువగలిగెనని కొలుచుట ఈ నవల పద్ధతి. సహాయమును గూర్చి ఇకమీద తెలుగున వ్రాయబోవు నవలాకారులకు ఈ కొలత యుపయోగించును.

తుదకు పరిశోధకులకొక విన్నపము. రూతు తన భర్త చెప్పిన కథను తలచుకొన్నట్లు, కాలువవెంట నున్న పల్లెలలో త్రాతల కథలను తలచుకొను వృద్ధులు ఉందురు. తడవైనకొలది ఆ కథలు వారితో పోవును. కాలువపేరు గవర్నరుది, గుత్త పేరు దొరది. త్రవ్వినవారి పేళ్లు ఆ నోళ్లలో మాత్రమే మిగిలియుండవచ్చును. పెదగంజామునుండి పులికాటువరకు నడచి వానిని సేకరించుట మన శాఖలు చేయదగిన పని. నవలాకారుడు ఒక కుటుంబము కథను రక్షించెను. మిగిలిన కుటుంబముల కథలను రక్షించు బాధ్యత విద్యాలయములది.